రాస్తేనే కనపడే సేవ

1854 నవంబరులో ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులను వెంటబెట్టుకుని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరుకున్నారు. ఇప్పుడు ఇస్తాంబుల్‌లో కలిసిపోయిన ఆ ఊళ్లో క్రిమియా యుద్ధంలో గాయపడినవాళ్లు, జబ్బుపడినవాళ్లు వరండాల్లో కూడా కిక్కిరిసి ఉండేవారు. మురికి, ఎలుకలు, టైఫస్, కలరా... ఆ కథ మనం చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నదే. పాఠాల్లోకి రాని సంగతి ఒకటుంది. ఎంతమంది సైనికులు చనిపోయారో అక్కడ ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. వైద్యుల లెక్క ఒకటి, ఖననాల లెక్క ఇంకొకటి, సైనిక కార్యాలయం లెక్క మరొకటి. ఒకదానితో ఒకటి పొసగేవి కావు.

యుద్ధం ముగిశాక నైటింగేల్ లండన్‌లో గణాంకవేత్త విలియం ఫార్ సాయంతో ఆ లెక్కలన్నీ తిరగేశారు. యుద్ధగాయాల కన్నా, జాగ్రత్త పడితే రాకుండా ఆపగలిగిన అంటువ్యాధులే ఎక్కువమందిని పొట్టనబెట్టుకున్నాయని తేలింది. నెలనెలా మరణాలను రంగుల్లో చూపే చిత్రాలు గీయించి 1858లో ఆ నిజాన్ని బయటపెట్టారు. అదే ఏడాది లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. అందులో చోటు దక్కిన తొలి మహిళ ఆమే.

అంతటితో ఆగలేదు. ఆసుపత్రులన్నీ రోగుల వివరాలను ఒకే నమూనాలో రాయాలంటూ ఫారాలు తయారుచేశారు. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందుకు అవి వెళ్లాయి. కొన్ని ఆసుపత్రులు వాడి చూశాయి కూడా. కానీ నింపడానికి సమయం, శ్రమ ఎక్కువ పట్టడంతో నిలవలేదు.

ఇవాళ నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ అంటున్న శాస్త్రానికి మూలమైన రెండు ప్రశ్నలు అప్పుడే తలెత్తాయి. రోగి మంచం దగ్గర చూసినదాన్ని అందరికీ ఒకేలా అర్థమయ్యేటట్టు రాయడమెలా? ఆ రాతపని రోగికి ఇవ్వాల్సిన సమయాన్ని మింగేయకుండా చూడడమెలా? కంప్యూటర్లు వచ్చాక ఈ ప్రశ్నలకు తొందర పెరిగింది.

యంత్రానికి ఏమని చెప్పాలి?

1950ల చివర్లో అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థలో హ్యారియట్ వెర్లీ అనే నర్సు పరిశోధకురాలిగా ఉండేవారు. వైద్యరంగంలో కంప్యూటర్లు ఏం చేయగలవన్న విషయమై ఐబీఎం సంస్థతో జరిగిన సంప్రదింపుల్లో ఆమె పాల్గొన్నారు. ఒక సంగతి ఆమెకు అక్కడే స్ఫురించింది. యంత్రం దేన్నయినా లెక్కించాలంటే దానికి ముందు ఒక స్థిరమైన పేరుండాలి, ప్రతిచోటా అదే పేరుతో నమోదు కావాలి. వైద్యులకు జబ్బుల వర్గీకరణ ఎప్పటినుంచో ఉంది. నర్సులు చేసే పనికి అలాంటిదేమీ లేదు.

ఈ లోటు ఎంత పెద్దదో తెలియాలంటే ఒక్క రోగిని చూస్తే చాలు. తుంటి ఎముక విరిగిన పెద్దావిడకు ఆపరేషన్ అయింది. మూడు షిఫ్టుల నర్సులు రెండేసి గంటలకోసారి ఆవిడను పక్కకు తిప్పారు, వీపు, మడమలు ఎర్రబడ్డాయేమో చూశారు, తడిసిన పక్కదుప్పటి మార్చారు, తినిపించారు, భయపడితే ధైర్యం చెప్పారు. పడక పుండు రాలేదు. ఆవిడ నడిచి ఇంటికి వెళ్లింది. డిశ్చార్జి కాగితంలో జబ్బు పేరుంటుంది, ఆపరేషన్ పేరుంటుంది, మందులుంటాయి. రాకుండా ఆపిన పుండు ఊసు ఎక్కడా ఉండదు. బిల్లులో చూస్తే ఆ సేవంతా గది అద్దెలో కలిసిపోయి ఉంటుంది. రేపు ఖర్చు తగ్గించాలనుకున్న యాజమాన్యం వార్డులో ఇద్దరు నర్సులను తీసేస్తే, పోయిందేమిటో చూపించడానికి ఒక్క అంకె కూడా దొరకదు.

ఈలోగా 1971లో కాలిఫోర్నియాలోని ఎల్ కామినో ఆసుపత్రిలో టెక్నికాన్ అనే కంప్యూటర్ వ్యవస్థ మొదలైంది. దాన్ని మొదట రూపొందించింది విమానాలు, క్షిపణులు తయారుచేసే లాక్‌హీడ్ సంస్థ ఇంజినీర్లు. తెర మీద కనిపించే జాబితాలో కావలసినదాన్ని లైట్ పెన్‌తో తాకి ఎంచుకునే ఏర్పాటు అందులో ఉండేది. వైద్యుల ఆదేశాలతో పాటు నర్సుల సేవా ప్రణాళికలకూ చోటిచ్చిన తొలి వ్యవస్థల్లో అదొకటి. అయితే తెర మీది జాబితాలో ఏ మాటలుండాలో ఎవరు నిర్ణయించాలి?

పేర్లు పెట్టే పని

ఆ పనిని నర్సులే తలకెత్తుకున్నారు. 1973లో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీన్ గెబీ, మేరీ ఆన్ లావిన్ నర్సింగ్ నిర్ధారణల వర్గీకరణపై తొలి జాతీయ సదస్సు జరిపారు. వైద్యుడు ‘న్యుమోనియా’ అని రాసినచోట నర్సు చూసేది వేరు: కఫం బయటికి తీయలేకపోవడం, నాలుగడుగులకే ఆయాసం, నిద్ర పట్టకపోవడం. వీటికి పేర్లు పెట్టడంతో నర్సు చూపు వైద్య రికార్డులోకి ఎక్కడం మొదలైంది. ఒమాహా నగరంలో ఇళ్లకు వెళ్లి సేవలందించే నర్సులు తమ పద్ధతిని రూపొందించుకున్నారు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో వర్జీనియా సాబా, అయోవాలో మరో బృందం వేర్వేరు వర్గీకరణలు తెచ్చారు.

వెర్లీ మనసులోని ఆలోచన కార్యరూపం దాల్చడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. 1985లో అమెరికాలోని మిల్వాకీలో ఆమె, నర్సింగ్ ఆచార్యురాలు నార్మా లాంగ్ కలిసి నిపుణులను సమావేశపరిచారు. ఏ ఆసుపత్రిలోనైనా, ఏ రోగి గురించైనా తప్పనిసరిగా రాయాల్సిన 16 అంశాలు అక్కడ ఖరారయ్యాయి. రోగి ఎవరన్నది చెప్పేవి ఐదు, ఆసుపత్రి సేవకు సంబంధించినవి ఏడు. మిగతా నాలుగే అసలు కొత్తవి: రోగిలో నర్సు గుర్తించిన సమస్య, ఆమె చేసిన సేవ, దాని ఫలితం, ఆ సేవకు పట్టిన శ్రమ. పెద్దావిడ వీపుకు పుండు రాకపోవడం ఒక ఫలితంగా రికార్డుకెక్కే వీలు అప్పుడు వచ్చింది. 1989లో సియోల్‌లో సమావేశమైన అంతర్జాతీయ నర్సుల మండలి, దేశాలన్నిటికీ పనికొచ్చే ఉమ్మడి వర్గీకరణ కావాలని తీర్మానించింది.

అంకె నుంచి వివేకం దాకా

ఈ రంగానికి పేరు స్థిరపడింది 1980లో. టోక్యోలో జరిగిన ‘మెడిన్ఫో’ అనే వైద్య సమాచార మహాసభలో బ్రిటన్‌కు చెందిన మౌరీన్ షోల్స్, బ్యారీ బార్బర్ ‘నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్’ అన్న మాట వాడి, నర్సింగ్ పనిలో కంప్యూటర్ సాంకేతికతను వాడడమని దాన్ని వివరించారు. ఆ నిర్వచనంలో యంత్రమే ముందుంది. 1989లో నర్సింగ్ పరిశోధకులు జుడిత్ గ్రేవ్స్, షీలా కోర్కొరాన్ రాసిన వ్యాసం ఆ వరుసను మార్చింది. కంప్యూటర్ శాస్త్రం, సమాచార శాస్త్రం, నర్సింగ్ శాస్త్రం మూడూ కలిస్తేనే ఈ విద్య అన్నారు. దత్తాంశం, సమాచారం, జ్ఞానం అనే మూడు మెట్లను దీనికి పునాదిగా నిలిపారు. ఆ మెట్లను వాళ్లు కంప్యూటర్ శాస్త్రవేత్త బ్రూస్ బ్లమ్ ఆలోచనల నుంచి తీసుకున్నారు. నర్సింగ్ అధ్యాపకులు రమోనా నెల్సన్, ఐరీన్ జూస్ వాటి మీద నాలుగో మెట్టు కట్టారు: వివేకం.

ఈ మెట్లు వార్డులో ఎలా ఉంటాయో చూద్దాం. పొట్ట ఆపరేషన్ అయిన రెండో రాత్రి. నాడి 118. అది ఉత్త అంకె, దత్తాంశం. సాయంత్రం 88 ఉన్న నాడి ఇప్పుడు 118కి పెరిగింది, బీపీ 98కి పడింది, మూత్రం తగ్గింది అని పక్కపక్కన పెట్టి చూస్తే అది సమాచారం. ఇలాంటి రోగిలో ఈ మూడూ కలిసి వస్తే లోపల రక్తస్రావమో, ఇన్ఫెక్షనో ఉండొచ్చని తెలియడం జ్ఞానం. నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి తెల్లారేదాకా చూద్దామనుకోకుండా రాత్రి రెండింటికి సర్జన్‌ను నిద్రలేపడం, పక్కన కూర్చున్న కూతురికి కంగారు పుట్టకుండా సంగతి చెప్పడం వివేకం. మొదటి రెండు మెట్లు యంత్రం బాగా ఎక్కగలదు. మూడోదానికి సాయం చేయగలదు. నాలుగోదానికి నర్సు కావాలి.

1992లో అమెరికన్ నర్సుల సంఘం నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్‌ను ప్రత్యేక విభాగంగా గుర్తించింది.

అదనంగా రాసిన ఒక్క వాక్యం

నర్సు రాతలో ఎంత బలముందో ఈమధ్య పరిశోధనలు నిరూపించాయి. సారా రొసెట్టి అనే నర్సు శాస్త్రవేత్త బృందం ఒక సంగతి గమనించింది. ఆసుపత్రిలో చనిపోయినవారి, గుండె ఆగినవారి రికార్డుల్లో నర్సులు అంతకుముందే అవసరానికి మించి రాశారు. నాలుగు గంటలకోసారి చూడాల్సిన బీపీని గంటకే చూశారు. నింపినా నింపకపోయినా ఫరవాలేని గడిలో ఒక వాక్యం రాశారు. అంకెలు ఇంకా ప్రమాదం చెప్పకముందే రోగి తేడాగా ఉన్నాడని నర్సుకు అనిపించింది, ఆ అనుమానం రాతలో బయటపడింది. 2013లో ఈ సంబంధాన్ని ప్రచురించాక, ఆ రాత తీరునే ముందస్తు హెచ్చరికగా మార్చే ‘కన్సర్న్’ వ్యవస్థను తయారుచేశారు. అమెరికాలో 74 ఆసుపత్రి విభాగాల్లో జరిగిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. దాన్ని వాడినచోట రోగుల మరణ ముప్పు 35 శాతానికి పైగా తగ్గింది.

ఈ కథ మన వాకిట్లోకీ వచ్చింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఏఎన్ఎంల చేతికి ట్యాబ్లెట్లు, ‘అన్మోల్’ యాప్ అందాయి. గర్భిణుల నమోదు, టీకాల వివరాలు రిజిస్టర్ల నుంచి తెర మీదికి మారడం మొదలైంది. 2021 నాటి కొత్త నిబంధనలతో భారత నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ నర్సింగ్‌లో నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్‌ను ఒక పాఠ్యాంశంగా చేర్చింది. మన నర్సింగ్ కాలేజీల పిల్లలు దీన్ని కంప్యూటర్ క్లాసుగా చదివి వదిలేస్తే అన్యాయం జరుగుతుంది. ఇది వాళ్ల శ్రమకు సాక్ష్యం నిలిపే విద్య.

ఆసుపత్రిలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టే ప్రతిసారీ మూడు ప్రశ్నలు వేయాలి. గడులు నిర్ణయించిన గదిలో వార్డులో పనిచేసే నర్సు కూర్చుందా? కాగితం మీద ఒకసారి, తెర మీద ఒకసారి అదే సంగతి రాయిస్తున్నారా? ఆమె రాసింది మర్నాడు ఆ రోగి సేవలో అక్కరకొస్తోందా? నైటింగేల్ ఫారాలు మూలపడింది నింపేవాళ్ల భారాన్ని లెక్కచేయకపోవడం వల్లే. ఆ తప్పును ట్యాబ్లెట్ల మీద మళ్లీ చేయనక్కర్లేదు.