మేడమీది చిన్న యిల్లు



మీలో ననేకుల బిడ్డలు నేడు హైదరాబాదునందో, విజయవాడయందో, విశాఖపట్టణమునందో కాపురముండుచున్నారు. ఆ కాపురము తరచుగా నాలుగవ యంతస్తుననో, ఐదవ యంతస్తుననో, పైకప్పు క్రిందనే యుండును. రెండు గదులు, ఒక వంటగది, నలుదెసల వెలుతురు. పండుగకో, కంటి శస్త్రచికిత్సకో మీరచటికి బోయి, లోపల నడుగిడి, గోడలవంక నేలవంక జూచి మొదట ననుమాట నాకు దెలియును. "ఇల్లు బోసిగా నున్నదేమమ్మా!" అందురు. కోడలు చిన్నబుచ్చుకొనును. కొడుకు మాట మార్చును.

బోసి యను మాటను మనము మెడకు, నోటికి వాడుదుము. సొమ్ములేని మెడ బోసిమెడ, పండ్లులేని నోరు బోసినోరు. ఇంటికి ఆ మాట వాడితిమా, అచట నుండవలసినది ఏదియో లేదని యర్థము. నిజముగా లోటున్నదా, లేక మన కన్నులకే యలవాటు చాలలేదా యని తెలిసికొనవలెనన్న, మేడమీది చిన్న యింటి చరిత్ర కొంత చెప్పుకొనవలెను. అది మిక్కిలి పాతది.

రోము మహానగరమున క్రీస్తుశకారంభమునాటికే అద్దె మేడలు పెక్కు వెలసినవి. వానిని ఇన్సులా లనిరి. ఆ మాటకు ద్వీపమని యర్థము. వానిని కట్టినవారు లాభాపేక్షచే అంతస్తుమీద అంతస్తు వేయుచు బోగా, అవి కూలియు, కాలియు జనులు నశించుచుండిరి. అందుచే అగస్టసు చక్రవర్తి వీథిప్రక్క కట్టడములు 70 రోమను అడుగులకు, అనగా మన లెక్కలో నించుమించు 20 మీటర్లకు, మించరాదని శాసించెను. తరువాత ట్రాజను చక్రవర్తి దానిని 60 అడుగులకు దించెను. నేల యంతస్తున అంగళ్ళు, దానిపైన కలవారు, మెట్లెక్కినకొలది బీదవారు. నీరు పైకి రాదు; కడవలతో మోసికొనవలెను. కిటికీకి గాజు అరుదు, చెక్కతలుపే గతి. తలుపు మూసిన చీకటి, తెరచిన చలిగాలి. మార్షల్ అను కవి తాను మూడు వరుసల మెట్లపైన కాపురముండుటను తానే చెప్పుకొనెను. జువెనల్ అను మరియొక కవి, అగ్గి పుట్టినప్పుడు పెంకుల క్రింద పావురముల పొరుగున నుండువాడు అందరికన్న కడపట కాలునని యెత్తిపొడిచెను. ధనికుల యిండ్ల గోడలెట్లుండెనో క్రీ.శ. 79లో బూడిదలో మునిగిన పాంపేయి నగరము త్రవ్వి చూచినవారికి దెలిసినది. ఎరుపు, నలుపు, పసుపు, గోడనిండ బొమ్మలు. కావున అలంకారము క్రింద, వెలుతురు పైన. ఆ వెలుతురున కెవ్వరును వెలకట్టలేదు.

ఈ స్థితి పదునెనిమిది శతాబ్దముల పిదపను పెద్దగా మారలేదు. పారిసు నగరమును హౌస్మన్ అను నధికారి 1853 మొదలు 1870 వరకు పడగొట్టి తిరుగ గట్టించినప్పుడు, ఒక్కొక్క మేడయు ఒక సంఘమువలె నుండెను. క్రింద దుకాణము, దానిపై పొడవైన వసారాలుగల ధనికుని యంతస్తు, అటుపైన గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చివర తుత్తునాగపు రేకుల వాలుకప్పు క్రింద దాసీజనము. ఆ రేకు వేసవిలో పెనమగును, శీతకాలమున మంచుగడ్డయగును. ఒక మంచము, ఒక పెట్టె, ఒక కుర్చీ పట్టిన మరి చోటుండదు. వారి మెట్లు గూడ వేరు, వెనుకవైపున. అయినను చిత్రకారులు ఆ పైగదులనే వెదకికొని పోయిరి. ఏలన వారికి వెలుతురే పనిముట్టు.

క్రింద నున్న ధనికుని గదిలో నేమున్నది? అచట చరిత్ర రుచికరముగా నుండును గాన కొంచెమాగెదను. ఇంగ్లండులో 1696 మొదలు 1851 వరకు కిటికీలపై పన్నుండెను. ఇన్నింటికి మించి కిటికీలున్న ఇన్ని షిల్లింగులని లెక్క. జనులు పన్నుకు వెరచి కిటికీలకు ఇటుకలు పేర్చి మూసివేసిరి. అట్లు మూసిన గుర్తులు నేటికిని అచటి పాత యిండ్లయందు గానవచ్చును. ఫ్రాన్సులో ద్వార గవాక్షముల పన్ను 1798లో పుట్టి 1926 వరకు బ్రతికినది. గాలికి వెలుతురునకు సుంకము! మిగిలిన కిటికీలకు బరువైన మఖమలు తెరలు, నేలనిండ కంబళములు, బల్లలనిండ బొమ్మలు, గోడలకు రంగుకాగితములు. ఆ కాగితములలో పచ్చరంగు మిక్కిలి ముచ్చటైనది. షీలె అను రసాయనశాస్త్రజ్ఞుడు 1775లో కనిపెట్టిన యా రంగులో పాషాణముండెను. అది ఎలుకలను జంపు పాషాణమే. చెమ్మగోడకంటించిన యట్టి కాగితముల వలన జనులు జబ్బుపడుచున్నారని పందొమ్మిదవ శతాబ్దమున వైద్యులు మొరపెట్టిరి. పైగదిలో దాసి గోడకు వట్టి సున్నము! ఆ యొక్క విషయమున దాసియే భాగ్యవంతురాలు.

సున్నము సంగతి మీకు నేను జెప్పనక్కరలేదు. అయినను దాని గుణము చిత్రమైనది. సున్నపురాతిని బట్టీలో గాల్తుము. దానిలోని వాయువు పోవును. నీరు పోసిన బుసబుస నుడికి వెన్నవలె నగును. గోడకు బూసిన పిదప, గాలిలోని యా వాయువునే తిరుగ బీల్చుకొని మరల రాయియగును. కావున సున్నము కొట్టిన గోడపై నున్నది పలుచని రాతిపొర. దాని క్షారమునకు పురుగు నిలువదు. క్రొత్త సున్నపుగోడ తనపై బడిన వెలుతురులో నూటికి సుమారు ఎనుబది పాళ్ళు త్రిప్పి గదిలోనికే పంపును. చిన్నగదికి ఇంతకన్న చవుకయైన దీపము లేదు.

1882లో కోఖ్ అను జర్మను వైద్యుడు క్షయకు సూక్ష్మక్రిమి కారణమని నిరూపించెను. అప్పటినుండి దుమ్ము పట్టు తెరలు, కంబళములు అనుమానాస్పదములయ్యెను. గాలి, యెండ ఔషధములయ్యెను. మన దేశమున 1896లో బొంబాయిలో మహామారి ప్రవేశించినప్పుడు అధికారులు వేలకొలది యిండ్లకు సున్నము కొట్టించిరి, చీకటిగదులపై పెంకులు తీయించి యెండ లోనికి విడిచిరి. ఆ పనిలో జనులయెడ వారు చూపిన కాఠిన్యము వేరుకథ, అది మెచ్చదగినది కాదు. ఎండ నడ్డగించి కట్టిన యిల్లు ప్రాణాపాయమని మాత్రము నాడు నగరములు నేర్చుకొనెను.

ఇక పైయంతస్తు రాత మార్చిన యంత్రము లిఫ్టు. త్రాడు తెగినను తొట్టి పడిపోకుండ పట్టుకొను ఏర్పాటును ఓటిస్ అను నమెరికను 1854లో న్యూయార్కున జనులయెదుట, తానే దానిపై నిలిచి, త్రాడు గోయించి చూపెను. 1857లో ఆ నగరపు దుకాణమొకదానిలో మనుష్యులనెక్కించు లిఫ్టు నమర్చిరి. మెట్ల బాధ తొలగగానే, రెండువేల సంవత్సరములు బీదవానికి వదలిన వెలుతురును ధనికుడు చూడనేర్చెను. అద్దెలు తలక్రిందులాయెను.

గది యలంకారమును గూడ ఆ కాలమే మార్చినది. కర్బూజియే అను శిల్పి గోడలన్నియు తెల్లసున్నముతో నుండవలెనని 1925లో నొక గ్రంథమున వాదించెను. పారిసు పొలిమేరలో 1931 మొదలు 1934 వరకు తాను గట్టిన మేడయొక్క చిటారు అంతస్తులలో తానే కాపురముండి, 1965లో మరణించు వరకు అచటనే చిత్రములు వ్రాసికొనెను. ఆయన చిత్రశాలలో ఒక గోడ పూతయే లేక రాయి, ఇటుక కనబడుచుండును. మన చండీగఢు నగర నిర్మాణమునకు 1951 నుండి ముఖ్యశిల్పి యీతడే. ఆ యింటిని, చండీగఢులోని శాసనసభాది భవనములను 2016లో నొక్క పట్టికలోనే ప్రపంచవారసత్వముగా జేర్చిరి. ఇంచుక ముందు, 1926లో, ఫ్రాంక్‌ఫర్టు నగరపు చిన్న యిండ్లకొరకు షూటె లిహోట్స్కీ అను స్త్రీ యొక వంటగదిని గీసెను. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4. అడుగులన్నియు లెక్కించి, పొయ్యినుండి తొట్టికి, తొట్టినుండి అరకు చేయి చాచిన నందునట్లు కూర్చినది. అట్టివి సుమారు 10,000 కట్టిరి. నేడు మన కోడండ్రు నిలువుబల్లపై వండు వంటగది దాని సంతతియే.

ఇదంతయు దొరల గొడవ, మనకేమి యందురేమో. మన మాటలనే చూడుడు. సౌధమను మాట సుధనుండి పుట్టినది. సుధ యనగా సున్నము. రాజభవనమునకు పేరు వచ్చినది బంగారమువలన గాదు, సున్నపుపూతవలన. కిటికీకి గవాక్షము, వాతాయనము అని పేళ్ళు. ఒకటి కన్ను, ఒకటి గాలి వచ్చు త్రోవ. మేడపై గదికి నిఘంటువులు శిరోగృహమనియు, చంద్రశాల యనియు జెప్పును. చంద్రుని జూచు శాల! మన పూర్వులకు పైగది యనగా వెన్నెలయే తోచినది.

గదిలో నేమేమి యుండవలెనో చెప్పిన ప్రాచీనుడు వాత్స్యాయనుడు. ఆయన కామసూత్రము పేరు వినగానే పెద్దలు కనుబొమలు ముడువవలదు. దానిలో నాగరకుని దినచర్య చెప్పు ప్రకరణము చరిత్రకారునకు గని. ఆ గదిలో నున్నవి యివి. తెల్లని దుప్పటి పరచి, ఇరువైపుల తలగడలుంచిన మెత్తని పడక. ప్రక్క నొక చిన్నపీఠముపై గంధము, పూలమాలలు, మాదీఫలపు తొక్క, తాంబూలము. నేలపై నుమ్ముపాత్ర. గోడకు దిగగొట్టిన నాగదంతమునకు, అనగా మన చిలుకకొయ్యకు, తగిలించిన వీణ. చిత్రఫలకము, కుంచెల పెట్టె, ఏదో యొక పుస్తకము. నేలపై గుండ్రని ఆసనము. పక్షుల పంజరములు గది వెలుపల.  ధనవంతుడైన పౌరుని గది యిది. దానిలో దినదినము చేతికందని వస్తువు దాదాపు లేదు. ఇది సుమారు మూడవ శతాబ్దపు మాట.

మన పల్లెయిండ్లలో వస్తువు లెక్కువగా నున్నను గది యిరుకు కాలేదు, ఏలన గోడయే బీరువా. మూరెడు మందపు మట్టిగోడలో గూళ్ళు, పైన అటక, దూలమునకు ఉట్టి, గోడకు చిలుకకొయ్య. పట్టణపు మేడలో లోగోడ మందము జేనెడుండదు. అందులో గూడు చెక్కుటకు వీలులేదు. కావున వస్తువు వచ్చినదన్న నేలమీదికే వచ్చును, నేలయే మనుష్యుడు తిరుగు చోటు.

ఇచట నాయింటి ముచ్చట యొకటి చెప్పెదను. ఉద్యోగవిరమణానంతరము సంవత్సరమున కొన్ని నెలలు మేము హైదరాబాదున మా చిన్నవాని యింట నుందుము. ఐదవ యంతస్తు, తూర్పు కిటికీ. మా యింటిలో టేకుభోషాణమొకటి కలదు. మా నాయనమ్మ కాపురమునకు వచ్చినప్పుడు బండిపై వచ్చినది. నా భార్య దానిని గూడ తీసికొనిపోదమనెను.

"ఏమండీ, మూడు తరాలు చెయ్యి వేసిన పెట్టె. దాన్ని తాళం వేసిన ఇంట్లో వదిలేసి ఎట్లా వస్తాను?" అనెను.

కోడలు మెల్లగా, "అత్తయ్యా, అది పెడితే తూర్పు కిటికీ సగం మూసుకుపోతుంది. మామయ్యగారు పొద్దున కూర్చుని చదువుకునే చోటు అదే కదా" అనెను.

నేను త్రాటితో కొలిచి చూచితిని. లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపులో తిరుగదు. భోషాణము పల్లెలోనే యుండిపోయినది. మా తమ్ముడు దానిలో విత్తనాలు పోసికొనుచున్నాడు. దానిలోనుండి ఒక కంచుచెంబు, ఒక యిత్తడి కుంది, ఒక జంపకానా మాతో వచ్చినవి. నా భార్య రెండుదినములు మాటాడలేదు. ఆమె దుఃఖము కొయ్యకొరకు కాదని నాకు దెలియును, దానికి చరిత్రపాఠము మందు కాదనియు దెలియును. మూడవనాడు కుందిని కిటికీ గట్టుపై నిలిపి వత్తి వేసెను. తెల్లగోడ ప్రక్క ఆ యిత్తడి యెంత మెరసినదనగా, పొరుగువారమ్మాయి వచ్చి క్రొత్తది కొన్నారా యని యడిగెను. పల్లెలో పది సామానుల నడుమ దానిని నేను నలుబది యేండ్లు చూచియు చూడలేదు.

పైయంతస్తునకు లోపము లేదని నేననను. వేడిమి పెద్దలోపము. పూర్వము చెన్నపట్టణపు మిద్దెలకు టేకు దూలములపై ఇటుకలను నిలువుగా ఏటవాలున బేర్చి, పైన సున్నము, ఇటుకముక్కలు కలిపి దిమ్మిస కొట్టి, పలుచని పెంకులు పరచెడివారు. అది వేడిని తొందరగా దిగనీయదు. నేటి సిమెంటు పలక పగలంతయు నెండను త్రాగి రాత్రి గదిలోనికి విడుచును. దీనికి దెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమొకటి ప్రకటించినది. దాని సారము, కప్పుపై నెండను త్రిప్పికొట్టు తెల్లని పూత వేయుడనుట. సౌధమునకు సుధ యనుటయే.

కావున ఈ మారు బిడ్డల యింటికి బోవునప్పుడు పందిరిమంచము, బీరువా కొనిపెట్టుట మాని, ఆ సొమ్ములో కొంత డాబాపై పూతకు వెచ్చింపుడు. మేడ పదిమందిదైనచో వారి సమ్మతి తీసికొనవలెను. ఫాల్గుణమున, ఎండ ముదరకమునుపు, కప్పును చీపురుతో గీచి కడిగించి, పగుళ్ళు పూడ్చి, వడగట్టిన సున్నములో జిగురు కలిపి రెండు పూతలు వేయింపవలెను. మొదటిది పూర్తిగా నారిన పిదపనే రెండవది. వానకాలము గడచిన పిమ్మట అది కొంత కడిగికొనిపోవును గాన మరుసటి యేడు తిరుగ వేయవలసియుండును.