పారిస్ సరే, కనన్‌డేగ్వా సంగతేమిటి?

అమెరికా తొలినాళ్ల దౌత్యం గురించి రాసినవాళ్లలో చాలామంది కథను పారిస్‌లో మొదలుపెట్టి పారిస్‌లోనే ముగిస్తారు. 1778 ఫిబ్రవరిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ బృందం ఫ్రాన్స్‌తో మైత్రీ సంధి మీద సంతకాలు చేయడం మొదటి అంకం. 1803లో నెపోలియన్ దగ్గర కోటిన్నర డాలర్లకు లూసియానా కొనడం చివరి అంకం. మధ్యలో 1783 శాంతి సంధి, బ్రిటన్‌తో జే సంధి, స్పెయిన్‌తో పింక్నీ సంధి. ఈ వరసలో తప్పేమీ లేదు. కానీ సంధి చేసుకోవడం ఎలాగో ఆ కొత్త దేశం యూరప్ ఆస్థానాల్లోనే నేర్చుకుందన్న మాట మాత్రం నిలవదు. ఆ చదువులో పెద్ద భాగం మూలవాసుల సభల్లో సాగిందని నా వాదన.

మొదటి మెట్లు అందరికీ తెలిసినవే. 1776లో జాన్ ఆడమ్స్ ఒక నమూనా సంధి రాశాడు. వ్యాపారం ఉండాలి, సైనిక బంధం వద్దు అన్నది దాని సారం. యుద్ధం గడ్డుగా మారడంతో రెండేళ్లకే ఫ్రాన్స్‌తో సైనిక బంధానికి ఒప్పుకోక తప్పలేదు. అదే 1778 సెప్టెంబరులో ఫోర్ట్ పిట్ దగ్గర డెలావేర్ జాతితో మరో సంధి కుదిరింది. మిత్ర జాతులు కోరుకుంటే డెలావేర్ల నాయకత్వంలో ఒక రాష్ట్రంగా ఏర్పడి కాంగ్రెస్‌కు ప్రతినిధిని పంపవచ్చని అందులో రాసుకున్నారు. ఫ్రాన్స్ సంధికి పుస్తకంలో ఒక అధ్యాయం దక్కుతుంది, దీనికి ఒక వాక్యం దక్కితే గొప్ప. 1783 పారిస్ సంధి మిసిసిపీ నది దాకా నేలను అమెరికాకు రాసిచ్చింది. ఆ నేల మీద బతుకుతున్న జాతుల పేరు అందులో ఒక్కచోట కూడా లేదు.

ఆ కాగితం చూసుకునే 1784లో ఫోర్ట్ స్టాన్విక్స్ దగ్గర అమెరికా ప్రతినిధులు ఇరాక్వా సమాఖ్యతో విజేతల్లా మాట్లాడారు. ఓడిపోయారు కాబట్టి భూమి మాదే అన్నారు. కానీ చేతిలో ఉన్న సైన్యం ఎంత? ఆ ఏడాది జూన్‌లో కాంగ్రెస్ శాశ్వత సైన్యాన్ని 80 మందికి కుదించి, సరిహద్దు కాపలాకు ఏడు వందల మందిని రాష్ట్రాల నుంచి అడిగింది. ఖజానా వట్టిపోయింది. జయించామన్న మాటతో నేల చేతికి రాదనీ, యుద్ధం కంటే కొనుగోలు చవకనీ యుద్ధ మంత్రి హెన్రీ నాక్స్ 1789లో వాషింగ్టన్‌కు లెక్క కట్టి చెప్పాడు. ఆయన రాతల్లో న్యాయం ప్రస్తావన కూడా ఉంది, అది నటన అనను. కానీ విధానాన్ని మార్చింది మాత్రం బలహీనతే.

ఇక్కడే అసలు ఘట్టం. సెనేట్ సలహాతో, సమ్మతితో అధ్యక్షుడు సంధులు చేయాలని, హాజరైనవారిలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలని రాజ్యాంగం అంటుంది. ఆ సలహా ఎలా అడగాలో ఎవరికీ తెలియదు. 1789 ఆగస్టు 22న వాషింగ్టన్ నాక్స్‌ను వెంటబెట్టుకుని స్వయంగా సెనేట్‌కు వెళ్లాడు. విషయం క్రీక్, చెరొకీ తదితర దక్షిణాది జాతులతో జరపాల్సిన చర్చలు. పెన్సిల్వేనియా సెనేటర్ విలియం మెక్లే డైరీ పుణ్యమా అని ఆ రోజు మన కళ్లకు కడుతుంది. ఉపాధ్యక్షుడు ఆడమ్స్ కాగితం చదువుతున్నాడు. న్యూయార్క్ వీధిలో బగ్గీల రొదకు ఒక్క ముక్క వినపడలేదు. కిటికీలు మూయించి మళ్లీ చదివించారు. పాత సంధుల కాగితాలు ముందు చూపించమని మెక్లే లేచి అడిగాడు. కమిటీకి పంపుదామని మరొకరన్నారు. నేను వచ్చిన పనే చెడిపోతోందంటూ వాషింగ్టన్ చిరాకుపడి లేచాడు. సోమవారం మళ్లీ వచ్చి పని ముగించుకున్నాడు గానీ, సలహా కోసం ఆ గడప మరెన్నడూ తొక్కలేదు. రాజ్యాంగంలోని ఆ ‘సలహా’ అప్పటి నుంచే నీరుగారింది. మరుసటి ఏడు క్రీక్ సంధిలో ఒక రహస్య నిబంధన గురించి అడగాల్సి వచ్చినప్పుడు ఆయన కాగితమే పంపాడు. ఆ తర్వాతి అధ్యక్షులంతా దాదాపు అదే దారి.

కొత్త రాజ్యాంగం కింద సెనేట్ ముందుకు మొదట వచ్చిన సంధులు కూడా మూలవాసులతో ఫోర్ట్ హార్మర్‌లో చేసుకున్నవే. మొదట ఆమోదం పొందింది మాత్రం ఫ్రాన్స్‌తో కాన్సులేట్ల ఒప్పందం, ఆ సంగతి దాచనక్కర్లేదు. మూలవాసుల సంధులకు యూరప్ సంధుల్లాగే లాంఛనంగా ఆమోదం కావాలా అని 1789 సెప్టెంబరు 17న వాషింగ్టన్ అడిగాడు, కావాలన్నది ఆయన అభిప్రాయం. అక్కర్లేదంది సెనేట్ కమిటీ. 22న సెనేట్, ఆ కమిటీ మాట తోసిపుచ్చి, వయాండాట్ తదితర జాతుల సంధికి సమ్మతించింది. ఈ చిన్న తీర్మానం బరువెంతో తర్వాత తెలిసింది. 1832లో వూస్టర్ కేసులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ చెరొకీలు ఒక జాతేనని, వాళ్ల సంధులు సంధులేనని తేల్చగలిగాడంటే వెనక ఈ ఆచారం ఉంది.

1794 నవంబరు చూడండి. 11న న్యూయార్క్ రాష్ట్రంలోని కనన్‌డేగ్వాలో అమెరికా ప్రతినిధి టిమొతీ పికరింగ్ ఆరు జాతుల ఇరాక్వా సమాఖ్యతో సంధి చేశాడు. సుమారు పదహారు వందల మంది చేరిన ఆ సభలో, స్టాన్విక్స్‌లో లాక్కున్న నేలలో కొంత అమెరికా తిరిగి ఇచ్చింది. సరిగ్గా ఎనిమిది రోజులకు లండన్‌లో జాన్ జే సంతకం చేశాడు. జే సంధి సెనేట్‌లో 20–10తో, అంటే ఒక్క ఓటు కూడా మిగలకుండా గట్టెక్కింది. దాని ఖర్చుకు డబ్బు ప్రతినిధుల సభలో 51–48తో మంజూరైంది. (ఆ సంధి 13వ నిబంధన కలకత్తా, మద్రాసు లాంటి కంపెనీ రేవులను అమెరికా ఓడలకు తెరిచింది. మన తీరం ఈ కథలో కనిపించేది అక్కడ.) లండన్ సంధి గురించి పుస్తకాలకు పుస్తకాలున్నాయి. కనన్‌డేగ్వా ఒప్పందం ప్రకారం ఏటా ఇవ్వాల్సిన 4,500 డాలర్లలో భాగంగా అమెరికా ప్రభుత్వం నేటికీ బట్ట పంపుతోందని ఎందరికి తెలుసు?

ఈ సంధులు భూమి గుంజుకునే సాధనాలే కదా అంటే, అవును. 1795 గ్రీన్‌విల్ సంధితో ఒహాయోలో అధిక భాగం పోయింది. 1835లో చెరొకీ జాతిలో ఒక చిన్న వర్గం చేసిన న్యూ ఎకోటా సంధిని సెనేట్ ఒక్క ఓటు ఎక్కువతో ఆమోదించింది, దాని పేరిట సాగించిన బలవంతపు వలసదారిలో వేలమంది చెరొకీలు చచ్చిపోయారు. 1871లో మూలవాసులతో సంధులే ఇక వద్దని కాంగ్రెస్ చట్టం చేసింది. అప్పటికి ఆమోదం పొందినవి సుమారు 370. మోసం కోసం వాడినంత మాత్రాన ఆ పద్ధతి దౌత్యం కాకుండా పోదు. యూరప్ సంధుల్లో మోసం తక్కువా?

నేటి సంగతి నాకు రుచించదు. 2015 పారిస్ వాతావరణ ఒప్పందం, అదే ఏడు ఇరాన్ అణు ఒప్పందం, రెండూ సంధులుగా సెనేట్ గడప ఎక్కలేదు. ఒక అధ్యక్షుడు చేసినదాన్ని మరో అధ్యక్షుడు సంతకంతో తుడిచేశాడు. 2008లో మనతో చేసుకున్న అణు ఒప్పందానికి ఉభయ సభల చట్టం అండైనా ఉంది. ఇక పాత సంధుల విషయంలో సుప్రీంకోర్టు 2020లో మెగర్ట్ కేసులో క్రీక్ జాతికి ఇచ్చిన మాట చెల్లుతుందంది, రెండేళ్లకే మరో తీర్పుతో దాని బలం తగ్గించింది.

చెరొకీలు కాంగ్రెస్‌కు ప్రతినిధిని పంపుకోవచ్చని 1785 హోప్‌వెల్ సంధిలో ఉంది, న్యూ ఎకోటాలోనూ ఉంది. చెరొకీ నేషన్ 2019లో తన ప్రతినిధిని ప్రకటించింది. 2022 నవంబరులో ప్రతినిధుల సభ కమిటీ ఒకటి విచారణ జరిపింది, ఆ ఏడు ఎవరినీ కూర్చోబెట్టలేదు. వాళ్ల నేల తీసుకున్న సంధిని ఒక్క ఓటు ఆధిక్యంతో నెగ్గించుకున్న కాంగ్రెస్, అదే సంధిలో తానిచ్చిన మాట దగ్గరికి వచ్చేసరికి సందేహాలు లేవనెత్తడం న్యాయం కాదు.