ప్రార్థన కొండ నుంచి గుండ్లకమ్మ దాకా

క్రైస్తవ భక్తిలో ‘అప్పగింత’ అంటే మనిషి తన ఇష్టాన్ని దేవుని చిత్తానికి లోబరచడం. ఆ లోబాటు నిగ్గు తేలేది కష్టకాలంలోనే అన్న బోధకు ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘ చరిత్రలో రెండు భిన్నమైన రూపాలు కనిపిస్తాయి.

1836లో శామ్యూల్ డే ఆరంభించి, 1840లో నెల్లూరులో నిలదొక్కుకున్న అమెరికన్ బాప్టిస్టు మిషనులో ఏళ్ల తరబడి చేరినవారు బహు కొద్దిమందే కావడంతో, దాన్ని మూసివేయాలన్న ప్రతిపాదన 1853లో అమెరికాలోని నిర్వాహకుల ముందుకు వచ్చింది. మిషను నిలిచింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలైన లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులోని కొండనెక్కి, ఈ ఊరికొక మిషనరీని పంపమని దేవుణ్ణి వేడుకొన్నారు. అప్పటి నుంచి అది ప్రార్థన కొండ అయింది. వారు కోరిన మిషనరీగా జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో.

మిషనరీలకు అప్పగింత ఈ నిరీక్షణే అయితే, మాదిగ విశ్వాసులకు అది ఊరితో తగవుగా పరిణమించింది. వారిలో తాళ్లకొండపాడు వాసి, రాజయోగ సాధన ఎరిగిన యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం, అంటే నీటిలో మునిగి పొందే సంఘ ప్రవేశ సంస్కారం, తీసుకొన్నాడు. అటుపై చేరినవారికి క్లౌ విధించిన నియమాలు మూడే: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను కొలవరాదు. వినడానికి ఇవి చిన్నవే గాని, ఊరు పిలిస్తే వెట్టికి వెళ్లడం, జాతరలో డప్పు కొట్టడం మాదిగల విధిగా చెల్లుతున్న రోజుల్లో అవి గ్రామ కట్టుబాటును మొదలంటా కదిలించాయి. అందుకే కరణాలు, మునసబులు వారిపై కక్షగట్టారు. పనీ నీళ్లూ అంగడి సరుకూ అందకుండా చేసిన ఊళ్లున్నాయి. దేవునికి లోబడినవాడు ఊరి పెత్తనానికి లోబడక తప్పించుకొన్న ఈ సంగతిని, అప్పగింతను నిస్సహాయతగా చూసేవారు గమనించవలసి ఉంది.

1876–78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకొని, బోధకులను మేస్త్రీలుగా పెట్టి, మతభేదం లేకుండా పని చూపించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపివేశాడు. సహాయం ముగిశాక కూడా బాప్తిస్మం కోరే జనం తగ్గలేదు. ఆకలి ప్రమేయం బొత్తిగా లేదనడం సాహసమే అయినా, అదొక్కటే కారణమన్న వాదనకు ఈ వాయిదా అడ్డు నిలుస్తుంది. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిని నీటిలో ముంచినవారు క్లౌ కాదు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొన్న ఆరుగురు తెలుగు బోధకులు.