కోడలి సేవకు వెల కట్టని చట్టం

ముదిమి మీదపడిన అత్తమామల సేవ కోడలి ధర్మమన్న మాట మనకే సొంతం కాదు. జపానులోనూ తరతరాలుగా అదే నడిచింది. 1963 నాటి వృద్ధ సంక్షేమ చట్టం ఇంటికి సహాయకులను పంపినా, అది ప్రధానంగా పేదలకే. తక్కినవారికి కోడలే దిక్కు, కాదంటే ఆసుపత్రి మంచం.

1997లో చట్టమై, 2000 ఏప్రిల్ 1న అమలుకు వచ్చిన సంరక్షణ బీమా ఈ స్థితిని మార్చింది. 40 ఏళ్ళు నిండినవారు చందా కట్టాలి. సేవ పొందేవారు తొలుత 10 శాతం చెల్లించేవారు. మిగిలినదానిలో సగం పన్నులది, సగం చందాలది.

అంతకు ఐదేళ్ళ ముందే ఇటువంటి బీమా తెచ్చిన జర్మనీ, బంధువులే చూసుకుంటే నగదు కూడా ఇచ్చింది. జపాను ఇవ్వలేదు. చిత్రమేమంటే, వలదన్నది కేయికో హిగుచి వంటి మహిళా నాయకురాండ్రే! డబ్బు ముడిపడితే కోడలి చెర మరింత బిగుస్తుందని వారి వాదం. మొదట నాకిది నిష్ఠురంగా తోచింది. నాయనమ్మ మంచాన ఉన్న ఆ యేండ్లలో మా అమ్మకు నెలనెలా ఇంతని ముట్టి ఉంటే, ఆ ఒక్క పండుగకైనా పుట్టింటికి పంపేవారా అని తలచుకున్నాక, తోచలేదు.