జూదము - రాజశాసనము

జూదము మన దేశమున వేదకాలమునుండియు నున్నది. ఋగ్వేదము పదవ మండలమున ఒక జూదరి తన దుర్దశను తానే చెప్పుకొనిన సూక్తము కలదు. పాచికల చప్పుడు విన్నంతనే మనసు నిలువదనియు, భార్య దూరమైనదనియు, అత్త ద్వేషించుచున్నదనియు, తల్లిదండ్రులును తోబుట్టువులును ఇతని నెఱుగమని పలుకుచున్నారనియు అతడు వాపోవును. పాచికలు మాని పొలము దున్నుకొమ్మని ఆ సూక్తము అతనికి హితము చెప్పుచున్నది. దాదాపు మూడువేల ఏండ్ల క్రిందటి ఆ హితము, నకిరేకల్లునకును సూర్యాపేటకును నడుమనున్న కేతేపల్లి రైతునకు నేడును పనికివచ్చునదే.

ఇంత ప్రాచీనమైన వ్యసనమును పాలకులు ఏ విధముగా అదుపు చేయజూచిరి? మన శాస్త్రములలో రెండు మార్గములు కానవచ్చును. మొదటిది మనుస్మృతి మార్గము. పాచికలవంటి ప్రాణములేని వస్తువులతో ఆడునది ద్యూతము. కోళ్లు, పొట్టేళ్లు మొదలగు ప్రాణులతో ఆడించునది సమాహ్వయము. రెండును బహిరంగమైన దొంగతనములే గనుక రాజు వానిని తన రాజ్యమున ఉండనీయరాదని మనుస్మృతి చెప్పుచున్నది.

రెండవది కౌటిల్యుని మార్గము. అర్థశాస్త్రము ప్రకారము జూదమునకు ఒక అధ్యక్షుడుండవలెను. ఆట అంతయు ఒకేచోట జరుగవలెను. వేఱొకచోట ఆడినవానికి 12 పణములు దండనము. పాచికలును గవ్వలును అధ్యక్షుడే ఈయవలెను. గెలిచిన సొమ్ములో నూటికి 5 వంతులు అతడు తీసికొనును. దొంగసొమ్ముతో బ్రదుకువారు జూదశాలకు రాక మానరు గనుక, వారిని పట్టుటకును ఇది యుపాయమని కౌటిల్యుని తలంపు. యాజ్ఞవల్క్యుడును ఈ మార్గమునే అనుసరించి, జూదశాల నడుపు సభికుడు రాజభాగము చెల్లించవలెననెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యయే మితాక్షర. అందలి వ్యవహారధర్మములను పదమూడవ శతాబ్దమున కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

ఈ రెండవ మార్గము ఇతర దేశములలోను కలదు. ఐరోపాఖండమున ఉత్తరపు కొననున్న ఫిన్లండు దేశము జూదమును నిషేధింపక, ప్రభుత్వము చేతిక్రింద నుంచినది. అచ్చట జూదపు యంత్రములను నడుపుటకు 1938లో ఒక సంఘమును, పందెములు నడుపుటకు 1940లో ఒక సంస్థయు వెలసినవి. 2017లో ఇవియు, గుఱ్ఱపుపందెముల సంస్థయు ఒక్కటిగా చేర్పబడినవి. వచ్చిన లాభము ఆరోగ్యమునకును, కళలకును, క్రీడలకును వ్యయమగుచు వచ్చినది. అయినను వ్యసనపరులు తగ్గలేదు గనుక, 2021 మొదలుకొని ఆ యంత్రమున ఆడువాడు తన గుర్తింపును చూపితీరవలెనని నియమించిరి.

మన హైదరాబాదు రాష్ట్రము నిషేధమార్గమునే పట్టినది. 1305 ఫసలీలో, అనగా క్రీ. శ. 1895-96లో, నిజాము ప్రభుత్వమున జూదపు చట్టము పుట్టినది. జూదగృహము నడుపుటయు, అందు ఆడుటయు నేరములు. కాని కేవలము నేర్పుచే ఆడెడి ఆటలకు ఈ చట్టము వర్తింపదని అందే యున్నది. ఏది నేర్పు, ఏది అదృష్టము అను వివాదమునకు ఇదియే బీజమైనది.

1963లో సికింద్రాబాదునందలి ఒక క్లబ్బులో రమ్మీ ఆడుచున్న వారిని పోలీసులు పట్టుకొనిరి. ఆ వ్యాజ్యెము సుప్రీముకోర్టు వఱకు పోయినది. మూడుముక్కలాట వట్టి అదృష్టముపై ఆధారపడునదనియు, రమ్మీలో మాత్రము పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని, ఉంచదగినదానిని ఉంచి వేయదగినదానిని వేయు నేర్పు ప్రధానమనియు 1967లో న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. 1974లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టము నిజాము కాలపు చట్టము స్థానమును గైకొన్నను, నేర్పుతో ఆడు ఆటల మినహాయింపు అప్పుడు నిలిచియే యుండెను.

తరువాత జూదశాల చేతిలోని ఫోనులోనికి వచ్చెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము చట్టమును సవరించి, సొమ్ము పణముగా పెట్టి ఫోనులో ఆడు ఆటలను, రమ్మీతో సహా, నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి నిషేధమునే శాసించెను. ఫోనులో ఆడు పందెమునకు సంబంధించినంతవఱకు ఇది తిరిగి మనుస్మృతి మార్గమే.

ఈ శాసనములలో పెక్కింటి చింత ఎచ్చట ఆడిరి, ఏ ఆట ఆడిరి అనువానిపైననే. ఒడ్డిన సొమ్ము ఎవ్వరిది అను ప్రశ్న మఱుగుపడినది. ఆ ప్రశ్నను అడిగినది ద్రౌపది. పదునొకండవ శతాబ్దమున నన్నయ తెనిగించిన సభాపర్వమును మీరు చదివియే యుందురు. ధర్మరాజు ముందు తన్ను ఓడెనా, నన్ను ఓడెనా, తన్ను తాను ఓడినవానికి నన్ను ఒడ్డు అధికారమెక్కడిది అని ఆమె సభవారిని అడిగినది. భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. తక్కిన పెద్దలు మౌనము వహించిరి. ఇది న్యాయము కాదని నోరు విప్పినవాడు కౌరవులలో చిన్నవాడగు వికర్ణుడు.

మన జిల్లాకు దక్షిణమున, కృష్ణకు ఆవలియొడ్డుననున్న పల్నాటి కథయు ఇట్టిదే. నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయునికిని జరిగిన కోడిపందెమున మాచర్లపక్షము ఓడి ఏడేండ్లు నాడు విడిచిపోయినట్లు పల్నాటి వీరకథ చెప్పును. ఆ వైరము తుదకు కారెంపూడి యుద్ధమైనది. పందెము కాసినవారు ఇద్దఱు. దానిని ప్రాణములతో చెల్లించినవారు పందెమును కన్నులార చూడనివారు.

గ్రామములలో ఒడ్డు సొమ్ము ఏది? విత్తనములకు తెచ్చిన అప్పు, ధాన్యమమ్మిన రొక్కము, ఇల్లాలి మెడలోని పుస్తెలతాడు, కడపట నాలుగు ఎకరముల పొలము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను ప్రకారము పందెపు ఒప్పందము చెల్లదు. గెలిచినవాడు కోర్టుకెక్కి సొమ్ము రాబట్టలేడు. అయినను ఓడినవాడు మానమునకై షావుకారునొద్ద అప్పు తెచ్చి చెల్లించుచున్నాడు. ఆ ప్రామిసరీనోటులో జూదమను మాటయే యుండదు. కావున జూదపు బాకీని చెల్లదన్న చట్టమే, పేరు మార్చుకొని వచ్చిన ఆ బాకీకి సొమ్ము ఇప్పించును.

పూర్వులు ఈ సంగతి నెఱుగకపోలేదు. తండ్రి జూదమునకై చేసిన ఋణమును కుమారుడు తీర్పనక్కఱలేదని మనుస్మృతియు యాజ్ఞవల్క్యస్మృతియు చెప్పుచున్నవి. ఆడినవాని దోషము ఆడనివాని కంచములోనికి రాకూడదని ఆ ధర్మము భావము.

పెద్దలారా, పోలీసులు జూదగృహమును మూయగలరు; ప్రభుత్వము ఫోనులోని ఆటను ఆపగలదు. కాని నోటుమీద సాక్షి సంతకమునకై గ్రామములో పిలిపించుకొనునది మిమ్మే. పొలము తాకట్టునకు వచ్చినపుడు మొదట తెలియునదియు మీకే. అట్టి వేళ ఈ అప్పు దేనికి, ఇంటివారికి ఈ సంగతి తెలియునా అని రెండు మాటలు అడుగుడు. సమాధానము సరిగా లేనిచో సంతకము చేయకుడు. కురుసభలో పెద్దలు చేయవలసియుండియు చేయని పని అదియే.