‘తండ్రి పేరు’ కాలమ్ వెనుక చరిత్ర

జూన్‌లో హాస్టల్ అడ్మిషన్లప్పుడు ఒకటో రెండో దరఖాస్తుల్లో ‘తండ్రి పేరు’ కాలమ్ ఖాళీగా వస్తుంది. పక్కన తల్లి తల వంచుకొని నిలబడుతుంది. పెళ్లి చేసుకుంటానని నమ్మించి వెళ్లిపోయినవాడి పేరు తండా అంతా తెలుసు. కాగితం మీదికి మాత్రం రాదు.

వెనకటికి ఈ తగవు నాయక్, కార్‌భారి ముందు తేలేది. మగవాడు తండా బయటివాడైతే ఆ తీర్పు అతన్ని పట్టుకోలేకపోయేది.

1872 సాక్ష్య చట్టం 112వ సెక్షన్ పెళ్లిలో పుట్టిన బిడ్డకు భర్తే తండ్రి అని ఖాయం చేసింది. పెళ్లి కాని తల్లి మాత్రం తానే రుజువు చేసుకోవాలి. అలాంటి బిడ్డకూ తండ్రి భరణం ఇవ్వాలని 1898 నేర విచారణ స్మృతిలోనే ఉంది. 1973 స్మృతిలో అది 125వ సెక్షన్ అయింది. మతం, కులం, తెగ ఏదైనా వర్తిస్తుంది. నెలకు 500 రూపాయలు మించకూడదన్న పరిమితిని 2001లో తీసేశారు.

చిక్కల్లా రుజువు దగ్గరే. రక్తం గ్రూపు పరీక్ష ‘ఇతను కాడు’ అని చెప్పగలదు గానీ ‘ఇతనే’ అని చెప్పలేదు. ఆ మాట చెప్పే దారి మన హైదరాబాద్‌లోనే దొరికింది. 1989లో కేరళలోని తలశ్శేరి కోర్టులో ఒక తల్లి బిడ్డకు భరణం అడిగితే, ఆ మనిషి తాను తండ్రిని కానన్నాడు. ముగ్గురి రక్తం సీసీఎంబీకి వచ్చింది. డాక్టర్ లాల్జీ సింగ్ డీఎన్ఏ పరీక్ష చేసి అతనే తండ్రి అని తేల్చారు. 2012లో మన రాష్ట్రానికి గవర్నర్‌గా చేసిన ఎన్.డి.తివారీ విషయంలోనూ హైదరాబాద్ సీడీఎఫ్‌డీ నివేదికే నిజం చెప్పింది. పదవి అడ్డు రాలేదు.

అయితే అడిగిన ప్రతిసారీ పరీక్షకు ఆదేశించకూడదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. కోర్టు ఆదేశించాక అతను రక్తం ఇవ్వనంటే, ఆ నిరాకరణనే అతనికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు.

ఆడపిల్లలు నన్ను మెల్లగా అడిగే ప్రశ్న వేరు. “మేడం, తండ్రి గిరిజనేతరుడని తేలితే నా ఎస్టీ సర్టిఫికెట్ పోతుందా?” ఆ భయంతోనే నోరు విప్పని తల్లులున్నారు. 2012లో ఒక గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు, తండ్రి కులమే ఆఖరి మాట కాదంది. బిడ్డ ఎవరి మధ్య, ఎలా పెరిగిందో చూడాలంది. అది పెళ్లయిన జంట బిడ్డ కేసే. అయినా తల్లి తండాలో పెరిగిన బిడ్డకు పనికొచ్చే మాట.

2024 జూలై 1 నుంచి 125వ సెక్షన్ స్థానంలో కొత్త నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఏ కోర్టుకెళ్లినా న్యాయ సేవల కమిటీ ఎక్కడో అడగండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు.