తిట్టుకు తెలుగునేల పెట్టిన పేర్లు

'తిట్టు' అన్న మాట తెలుగు మాట్లాడే ప్రాంతాలన్నిటికీ ఉమ్మడిదే అయినా, ఆ తిట్టు ఎవరి నోట వచ్చింది, ఎవరి మీద పడింది అన్నదాన్ని బట్టి జనం దానికి వేరువేరు పేర్లు పెట్టుకున్నారు. ఆసామి పాలేరును తిడితే దాన్ని చీవాట్లు పెట్టడమనో, గడ్డి పెట్టడమనో, మందలించడమనో అంటారు. పాలేరు అదే మాట ఆసామిని అంటే నోరు పారేసుకున్నాడనీ, కారుకూతలు కూశాడనీ అంటారు. చీవాట్లు అన్నప్పుడు తిన్నవాడిది తప్పన్న అర్థం, కారుకూతలు అన్నప్పుడు అన్నవాడిది తప్పన్న అర్థం ఆ మాటల్లోనే ఇమిడి ఉన్నాయి కనుక, తగువులో న్యాయం ఎటుందో విచారించకముందే భాష ఒక పక్షాన తీర్పు చెప్పేసినట్టవుతుంది.

ఈ తేడా చాలా పాతది. మధ్యయుగాల దానశాసనాల చివర శాపోక్తులు, అంటే దానం చేసిన భూమిని అపహరించిన వారికి కీడు కోరే వాక్యాలు, తరచుగా కనిపిస్తాయి; అలా అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడనీ, వారణాసిలో కపిల గోవులను చంపిన పాపం పొందుతాడనీ అవి హెచ్చరిస్తాయి. రాజులూ అగ్రహారీకులూ రాతి మీద చెక్కించిన ఈ మాటలు ధర్మరక్షణ కోసం చెప్పినవిగా గౌరవం పొందాయి. అదే కీడును ఒక పేదరాలు వీధిలో నిలబడి, మెటికలు విరుస్తూ, గుప్పెడు మట్టి తీసి పగవారి వాకిట్లోకి విసురుతూ కోరుకుంటే దానికి శాపనార్థాలు అన్న చులకన పేరు వచ్చింది. ఇప్పుడు పత్రికలు రాజకీయ విమర్శకు విరివిగా వాడుతున్న 'దుమ్మెత్తి పోయడం' అన్న జాతీయంలో ఆ మట్టి చల్లే ఆచారమే కనిపిస్తుంది. తెలంగాణలో దుమ్మును దుబ్బ అంటారు కనుక అక్కడ అది దుబ్బ పోసుడు అయింది. ఈ శాపనార్థాలకు తెలుగులో ప్రత్యేకమైన క్రియారూపం ఉంది. తెగు, కాలు, పడు వంటి ధాతువుల చివర అకారం చేరి 'దుంప తెగ', 'కాష్ఠం కాల', 'నోట్లో మన్ను పడ' అని కోరికను తెలుపుతుంది. కోస్తాలో 'దుంప తెగ' అన్నది మురిపెంగా మనవడిని కూడా అనగలిగేంత మెత్తబడింది. తెలంగాణలో వినిపించే 'గత్తర రాను' మాత్రం అంత తేలిగ్గా మెత్తబడే మాట కాదు. గత్తర అంటే కలరా; ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేయించిన ఆ రోగాన్ని కళ్ళారా చూసిన తరాల భయం ఆ తిట్టులో ఉంది.

ప్రాంతాల మధ్య తేడా అర్థాన్నే తారుమారు చేసే సందర్భాలూ ఉన్నాయి. గోదావరి జిల్లాల్లోనూ ఉత్తరాంధ్రలోనూ 'అమ్మ దెబ్బలాడింది' అంటే కోప్పడిందనే తప్ప చేయి చేసుకుందని కాదు. ఆ వాడుక తెలియని తెలంగాణ శ్రోతకు అది కొట్లాటగా తోచవచ్చు. కృష్ణా తీరంలో 'కేకలేశారు' అన్న మాటకు కూడా పెద్దవారు కోప్పడ్డారనే అర్థం. నిజాం పాలనలో ఉర్దూ రాజభాషగా ఉన్నందువల్ల తెలంగాణ తెలుగులోకి గుస్సా కావడం, గలీజు మాటలు, ఇజ్జత్ తీసుడు వంటివి వచ్చి స్థిరపడ్డాయి. గలీజు అంటే మురికి కనుక బూతును అశుచితో జతచేసిన మాట అది. ఇజ్జత్ అంటే పరువు కనుక నలుగురి ముందు తిట్టడం వల్ల జరిగే అసలు నష్టమేమిటో సూటిగా చెప్పే మాట ఇది.

అయితే తిట్టడానికి తెలుగులో ఉన్న పేర్లలో అన్నిటికన్నా సంపన్నమైనవి వృత్తుల నుంచి వచ్చినవి. కళ్ళంలో నూర్చిన ధాన్యాన్ని చేటకెత్తుకుని, పీట మీద నిలబడి, గాలివాలున పైనుంచి సన్నని ధారగా వదిలితే గట్టి గింజ కాళ్ళ దగ్గర రాశిగా పడుతుంది, తాలూ పొల్లూ దూరంగా ఎగిరిపోతాయి. ఈ పనిని తూర్పారబట్టడం అంటారు. ఒక మనిషి తప్పులన్నీ ఒక్కటీ మిగలకుండా ఎత్తిచూపి తిట్టడానికి రైతులు ఇదే మాట వాడారు. చేటతో చేసే పని నుంచే 'చెరిగేశాడు' వచ్చింది. దూదిని ఏకే పని నుంచి 'ఏకిపారేశాడు' వచ్చింది. మాసిన బట్టలను చౌడు నీళ్ళలో నానబెట్టి, బానలో ఉబ్బకు వేసి, రేవులో బండకేసి బాదే చాకలి శ్రమ నుంచి 'ఉతికి ఆరేయడం', 'చాకిరేవు పెట్టడం' వచ్చాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటం తెలుగు రైతుల పనిమాటలను ఊరూరా తిరిగి సేకరించిన గొప్ప ప్రయత్నం. అటువంటి శ్రద్ధ తిట్ల మాటల మీద కూడా పెట్టదగినదే.

పౌరోహిత్యం తెలిసిన ఇళ్ళలో తిట్టడానికి అక్షింతలు వేయడం, అష్టోత్తరం చదవడం, మంత్రపుష్పం అప్పగించడం అన్న పేర్లు పుట్టాయి. అక్షింతలు దీవించేటప్పుడు చల్లే పసుపు బియ్యం, అష్టోత్తరం నూట ఎనిమిది నామాల పూజ. పొలం నుంచీ రేవు నుంచీ వచ్చిన పేర్లు తిట్టులోని దెబ్బను దాచవు. పూజ నుంచి వచ్చిన పేర్లు దాన్ని ఆశీర్వాదంగా మారుస్తాయి. అందుకే పై నుంచి కిందికి పడే మాటకు ఇవి బాగా అమరాయి, న్యాయస్థానం అధికారికి అక్షింతలు వేసిందని వార్తల్లో రాస్తారు గాని అధికారికి గుమాస్తా అక్షింతలు వేశాడని ఎవరూ రాయరు.

పనిని మాటకు అరువిచ్చిన వారికి తిరిగి దక్కింది అవమానమే. దూది ఏకే ముస్లిం వృత్తికులాన్ని దూదేకుల, పింజారి అంటారు. వారి శ్రమ మంచి జాతీయంగా మిగిలితే వారి పేరు కోస్తా జిల్లాల్లో నీచుడనే అర్థంలో తిట్టయింది. ఇది చాలా అన్యాయమైన మారకం. కాపుల వంశావళి పాడుతూ బతికిన పిచ్చిగుంట్ల వారు ఆ పేరే ఎగతాళి అయినందువల్ల దాన్ని విడిచి, ప్రభుత్వపు వెనుకబడిన తరగతుల జాబితాలో వంశరాజ్ అనే పేరుకు మారారు. 'వెధవ' అన్న మాట సంస్కృత విధవ నుంచి వచ్చింది, భర్త చనిపోయిన స్త్రీ దుఃస్థితే పనికిమాలిన మగవాడికి తిట్టుపేరైంది. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన గురజాడ 'కన్యాశుల్కం' వితంతువుల బతుకును రంగస్థలం మీదికి తెచ్చింది. ఆచారాన్ని కదిలించిన ఆ ఉద్యమం తిట్టును కదిలించలేకపోయింది. అన్ని కులాల ఇళ్ళలోనూ అది నేటికీ, పిల్లల మీద సైతం, ఆలోచన లేకుండా వాడే మాటగానే ఉంది.

తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరీ, అంటే కూలి లేకుండా దొరకు చేయవలసిన బలవంతపు పని, మాటలోనూ సాగింది. దొర వెట్టివాడి పేరు చివర 'గా' తగిలించి పిలిస్తే అతడు 'బాంచన్' అని, అనగా నేను నీ బానిసనని, బదులు పలకవలసి వచ్చేది. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటం భూమితో పాటు ఈ పిలుపు మీద కూడా జరిగింది. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె వారు మంచినీటి చెరువు దగ్గర ఆక్షేపించి అన్న మాటను ఊరి పెత్తందార్లు సహించలేకపోయారు. 1985 జూలై 17న జరిగిన దాడిలో ఆరుగురు ప్రాణాలు పోయాయి. కింది నుంచి పైకి వెళ్ళిన మాటను పొగరు అనడం ఎంతవరకు పోగలదో అక్కడ తేలింది.

1860 నాటి శిక్షాస్మృతి 294వ సెక్షన్ బహిరంగంగా పలికే అశ్లీలాన్ని నేరంగా చూసిందే గాని, తిట్టినవాడి కులమూ తిట్టు తిన్నవాడి కులమూ దాని లెక్కలో లేవు. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పదిమంది చూసే చోట ఉద్దేశపూర్వకంగా అవమానించడాన్ని అత్యాచారంగా గుర్తించింది. 2015 సవరణ ఇంకా స్పష్టంగా, కులం పేరుతో దూషించడాన్ని విడిగా పేర్కొంది. 'దూషణ' అన్న మాటతో పాటు 'అట్రాసిటీ' అన్న ఇంగ్లీషు మాట కూడా పల్లె తెలుగులో కలిసిపోయింది. అయితే సాక్షులు లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట ఈ నిబంధన కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అందువల్ల ఇలాంటి ఫిర్యాదుల్లో ఏ మాట అన్నారన్నదానితో పాటు దాన్ని ఎవరెవరు విన్నారన్నది కూడా రాయవలసి వస్తోంది.